పదిహేడో కుండీ

ముప్పై ఆరు కుండీలు, మీద ప్లాస్టిక్ పందిరి,
తొవ్వ తప్పిన వాన కూడా లోపలికి రావద్దని.
రాజేంద్రనగర్‌ల గోధుమేంది మేడం, అనడిగితే
నిఖత్ మేడం నవ్వింది.
"ఎండా, కరువూ ఇక్కడ అగ్గువకు దొరుకుతయి పెంటమ్మా,
వాటి నడుమ గోధుమ ఎట్ల బతుకుతదో చూస్తున్న."

నా పేరు సంగతంటరా,
ముందు పుట్టినోళ్లు ఇద్దరు దక్కకపోతే
నన్ను పెంటకుప్ప మీద పండవెట్టి తీసుకున్నరట.
ఎరువు నాకు పేరులనే ఉన్నది.
ఈ తెల్ల గుళికలే కొత్త.
బంగారం తూచే అసొంటి కాంటా మీద ఆమె యూరియా తూస్తది,
చిటికెడు వేసి, అండ్లకెల్లి అరచిటికెడు తీసి.
సున్నా, సగం, నిండు, నిండుకు మించి.
నీళ్లేమో నా చేతిల.
పచ్చచీటీకి నిండు మగ్గు, పసుపుచీటీకి సగం,
ఎర్రచీటీకి పావు.
అంతకు మించి చుక్క పడొద్దు.

ఇరవై ఒకటో దినం ముఖ్యమంట,
కిరీటపు వేర్లు దిగేది అప్పుడేనంట.
ఆ దినమే ఎర్రచీటీలకు నీళ్లు ఆపమన్నది.
కిరీటం పెట్టే నాడు దాహం పెట్టుడు!
నేనేమనలే. మగ్గు బోర్లించిన.
మా బస్తీల నల్లా దినం తప్పిచ్చి దినం వస్తది,
మాకే రంగు చీటీ అంటిచ్చిన్రో.

మొదట్ల చూడాలె,
మించి ఎరువు తిన్న ఎర్రచీటీలు.
అన్నిట్లకంటే అవే ముదురు పచ్చ,
తోట చూడనొచ్చిన పెద్దసార్లు వాటినే మెచ్చుకునేది.
పెద్దాకు, గుంపు పిలకలు.
అంత ఆకుకు తాగనీకె నీళ్లేవి?
ఉన్న నాలుగు చుక్కలు ఆకులే తాగి
వెన్ను బయటికొచ్చే యాళ్లకు మన్ను పగిలింది.
అప్పు దెచ్చి చేసిన పెండ్లి లెక్క
పందిరి ఘనం, పంక్తిల బువ్వ లేదు.
ఏమీ వెయ్యని కుండీలు గడ్డిలెక్క సన్నగ నిలవడ్డయి,
అవి బాగున్నయంటే అబద్ధమైతది.
సగం ఎరువు తిన్నవి మాత్రం
సగం నీళ్లతోని ఎట్లనో నెట్టుకొచ్చినయి.

ఇగ పదిహేడు.
ఎర్రచీటీ, నిండుకు మించిన ఎరువు.
పందిరి గుంజకు ఆనుకొని వంకరగ మొలిచింది.
నేను సద్ది తినేది దాని పక్కనే.
సీసల మిగిలిన నీళ్లు ఇంటిదాకా మోసుకపోతరా ఎవరన్న?
రోజుకో గుక్కెడు.
ఎండ గట్టిగున్న నాడు రెండు.

ఫిబ్రవరిల కోసినం.
వెయ్యి గింజలు లెక్కవెట్టుడు, తూచుడు, మళ్లా వెయ్యి.
ఎర్రచీటీల గింజలు
నీళ్లల నానిన వేళ్ల లెక్క ముడతలు, నీళ్లు లేకనే.
మేడం పిడికెడు ఇంటికి తీసుకపోయింది.
వాళ్ల అబ్బాది షాలిబండల హలీం భట్టి.
పంటికింద కొరికి చూసి అన్నడట,
"గింజ బక్కది గని జిగురు దండిగున్నది.
దేగ్ నిండనీకె ఎన్ని కుండీలు గావాలె బేటీ?"

పదిహేడు ఒక్కటే నిండుగ.
మూడుసార్లు తూచింది.
కాగితం మీద చుక్కలు పెట్టి గీత గీస్తే
ఆ ఒక్క చుక్క గీతకు దూరంగ,
తప్పిపోయిన మేకపిల్ల లెక్క.
"ఇట్లెట్లయింది పెంటమ్మా?"
నేను చాటల పొట్టు ఊదుకుంట కూసున్న.
రెండు రాత్రులు నిద్ర లేదు.
ఆ చుక్క అబద్ధమని కొట్టేస్తదట,
అది అబద్ధం కాదని తెలిసింది నా ఒక్కదానికే.

మూడోనాడు చెప్పిన.
ఆమె తిట్టలే. చాలాసేపు కుండీ దిక్కే చూసింది.
ఆనక గీతల గాజు గొట్టం తెచ్చి నా ముంగట పెట్టి,
"నీ గుక్క ఎంత?" అన్నది.
సీస ఎత్తి నోట్ల పోసుకున్న.
ఎండకు గొంతు పిడుచకట్టుకుపోతున్నది,
మింగకుండ గొట్టంల ఉమ్మిన.
ఆమె వంగి, కన్ను గీతకు సమానం చేసి,
"నలభై రెండు" అని రాసుకున్నది.