రెండు డిగ్రీలు

వార్డో రేవులో మార్చి.
పలకల మీద మంచు, మంచు మీద ఉప్పు.
ఇంగ్వాల్డ్ పడవ కడుపులో బోర్లా పడుకుని
తీగలు లెక్కపెడుతున్నాను.

పథకమంతా నిన్న రాత్రే గీశాను,
ఆటుపోట్ల పట్టిక వెనక, పెన్సిల్‌తో.
ముక్కు నుంచి ఇంజను గది దాకా ఒకటే వెన్నుతీగ,
దానికి పక్కటెముకల్లా
లోతు చెప్పేది, గాలి చెప్పేది,
ఎక్కడున్నామో చెప్పేది.
ఏ కొమ్మా ఆరు మీటర్లు దాటకూడదు.
రెండు కొసలకీ రెండు బిరడాలు.
అవి లేకపోతే అన్న మాట గోడకి కొట్టుకుని వెనక్కొచ్చి
తన్ను తానే చెరిపేసుకుంటుంది.
"మా ఇంట్లోనూ అంతే," అన్నాడు ఇంగ్వాల్డ్.
నవ్వలేదు.

దిక్సూచికి చోటు దొరకడమే గగనమైంది.
ఇనప్పొయ్యి పక్కన వద్దు, స్పీకరు పక్కన వద్దు.
చివరికి మంచం కింద బిగించి చూస్తే
ఉత్తరం పదకొండు డిగ్రీలు పక్కకి జరిగి కూర్చుంది.
వెతగ్గా వెతగ్గా పరుపు కింద
బిస్కెట్ల డబ్బా: నిండా గాలాలు,
ఒక గుర్రపు నాడా.
"అదృష్టానికి," గొణిగాడు.
అదృష్టాన్ని ఒడ్డున పెట్టి రమ్మన్నాను.

మీటరు అరవై ఓములు చూపించింది.
పొంగబోయే పాలు దించినంత నిమ్మళం.

మధ్యాహ్నం రేవు దాటాం.
దిక్సూచి తన్ను తాను దిద్దుకోవడానికి
నెమ్మదిగా రెండు పెద్ద సున్నాలు చుట్టాం.
అప్పుడు మీట నొక్కాను.
చక్రం తనంతట తాను కదిలింది.
ఇంగ్వాల్డ్ రెండు చేతులూ పైకెత్తి
పోలీసులకి దొరికినవాడిలా నిలబడ్డాడు.

తెర మీద చుక్కాని అంకె
సున్నా దగ్గర ఆగాలి. ఆగలేదు.
కుడికి రెండు.
అల వచ్చి పోయాక మళ్లీ కుడికి రెండు.
సెన్సరు వంకరగా బిగించానేమోనని దిగి చూశాను.
అది నిటారుగానే ఉంది.
పడవే, పంకా తిరిగే తీరుకి,
ఎప్పుడూ ఎడమకి లాగుతోంది.
నీళ్లలోకి దిగిన రోజు నుంచీ.

చెప్పాను.
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత ఎడమచేత్తో కుడిభుజం నొక్కుకున్నాడు,
కిర్కెనెస్ డాక్టరు మూడుసార్లు ఎక్స్‌రే తీసి
ఏమీ లేదని పంపేసిన చోట.
"ముప్ఫై ఎనిమిదేళ్లు," అన్నాడు.
కాసేపటికి, "రెండు డిగ్రీలు."

కాఫీ పెట్టడానికి కిందికెళ్లాను.
పైకొచ్చేసరికి మళ్లీ చక్రం దగ్గరే ఉన్నాడు,
తాకకుండా, జానెడు దూరంలో అరచెయ్యి పట్టి,
కొత్తవాడికి పని అప్పజెప్పేసి
ఇంకా ఇంటికి పోబుద్ధికాని మనిషిలా.