తేలిక స్థాయిలో

వల్పరాయిసోలో మా కొండెక్కే తాళ్లబండికి
టికెట్లు చింపేది నేనే, ఇరవై రెండేళ్లుగా.
ఒక పెట్టె పైకొస్తే ఒకటి కిందికి పోతుంది.
మధ్యలో మిగిలే నాలుగు నిమిషాలు
ఎవరి లెక్కలోనూ లేనివి.
వాటిలోనే చేపలు పడతాను, ఫోన్లో.

ఆటగత్తెనని చెప్పుకోను.
మా మేనకోడలు యెసేనియా చెప్పుకుంటుంది,
పిల్లి చెవుల హెడ్‌ఫోన్లు పెట్టుకుని
నూట పద్నాలుగు మంది చూస్తుండగా
రాత్రంతా చస్తూ, లేస్తూ, మళ్లీ చస్తూ.
"అత్తా, నువ్వింకా తేలిక స్థాయిలోనేనా?"
అవునే. కష్టం స్థాయి కావాలంటే
నెలాఖరున నా పర్సు తెరిచి చూడు.

ఏ ఆటా చివరిదాకా ఆడిందాన్ని కాదు.
ముగ్గురు రాకుమారులు నా ఫోన్లో
కోట గుమ్మం ముందు కత్తులు దూసి నిలబడ్డారు,
పోయిన ఈస్టర్ నుంచి.
నయం, వాళ్లకి కాళ్లు పీకవు.

టీవీ నాకోసం ఆగదు.
కింది వాటాలో దోన్యా ఎర్మెలిందా చూసే సీరియల్లో
ఆ కవలల్లో మంచిదెవరో తేలేలోగా
నేను డ్యూటీకి పరిగెత్తాలి.
ఆట ఆగుతుంది. బొటనవేలు ఆనిస్తే చాలు,
ఎగిరిన చేప గాల్లోనే వంకరగా ఉండిపోతుంది,
ఎవరో ముసలాయన జేబులన్నీ తడిమి
చిల్లర తీసేదాకా.
ఇంత మర్యాద ఇంకే యంత్రంలోనూ చూళ్లేదు.

చేపలమ్మే రేవులో మాత్రం అందరూ ఉంటారు.
అక్కడొకడున్నాడు, ఉప్పుపిల్లి.
అసలు పేరు తెలీదు. కోకింబో వాడని
తిట్టుకుంటున్నప్పుడు ఒకసారి బయటపడింది.
నా వెండి గాలం అరువు తీసుకుని ఎనిమిది నెలలు.
అడిగితే కళ్లు తిప్పే పసుపు బొమ్మ పంపుతాడు.
నేను పేడ బొమ్మ పంపుతాను.
దీన్నేమంటారో
యెసేనియాని అడిగినా చెప్పలేకపోయింది.

ఆ మంగళవారం రాత్రి తొమ్మిది దాటింది.
రేవులో ఏడుగురం, ఎవరి బేరం వాళ్లది.
ఉన్నట్టుండి ఉప్పుపిల్లి రాశాడు:
"ఊగుతోంది"
చుక్క కూడా పెట్టలేదు.
నేను పేడ బొమ్మ కోసం వెతుకుతున్నాను.
"గట్టిగా. మీవైపు వస్తుంది. అద్దం దగ్గర్నుంచి లే"

నా టికెట్ గది మూడువైపులా అద్దమేనని
వాడికెప్పుడు చెప్పానో!
కింద ఉన్న ఎలాదియోకి గంట కొట్టాను, బండి ఆపమని.
పెట్టెలో కూర్చున్న నలుగురిని దింపాను.
ఎందుకంటే ఏం చెప్పను?
చేపలాటలో ఒక పిల్లి చెప్పిందనా?

ఏమీ కాలేదు.
కుక్క మొరగలేదు. బడిపిల్లాడొకడు నవ్వాడు.
ఇంకా ఏమీ కాలేదు.
సంచీ పట్టుకున్నావిడ ఆలస్యమైపోతోందని సణిగింది.
అప్పుడు పైన బల్బు,
దాని పక్క బల్బు,
తర్వాత కొండ.

మట్టిలోంచి రావాల్సింది ఇంకా దారిలో ఉండగానే
అప్పు ఎగ్గొట్టినవాడి మాట ముందొచ్చింది.

ఇరవై నిమిషాలకి టీవీ మేలుకుంది.
ఎర్ర పట్టీ, మైకు పట్టుకున్న కుర్రది,
సూపర్ మార్కెట్‌లో పగిలిన ఐదు వైన్ సీసాలు.
ఆ ఐదింటినే కుడినుంచి, ఎడమనుంచి,
నేలమీద పడుకుని కిందనుంచి,
గోరంతని కొండంత చేస్తూ.
మేం కొండమీదే ఉంటాం తల్లీ,
కొండెంతో మాకు తెలుసు.
పదకొండింటికల్లా ఆ సీసాలమీద జోకులు తిరిగాయి.
యెసేనియా కుర్చీలోంచి పడ్డ ముక్కని
నలభై వేలమంది చూశారట.
నడుం పట్టుకుని మూలుగుతూనే లెక్కపెట్టుకుంటోంది.

నేను రేవులో కూర్చున్నాను.
ఉప్పుపిల్లి పేరు బూడిదరంగులో ఉంది.
"ఉన్నావా" అని రాశాను.
చెరిపేసి, "నా గాలం ఇవ్వు" అని రాశాను.
రెండైంది. మూడైంది.
ఆటలో మాత్రం తెల్లవారి
ఎవరూ పట్టని చేపలు గంతులేస్తున్నాయి.

నాలుగుంపావుకి పేరు పచ్చబడింది.
"కరెంటు పోయింది. వంటింటి గోడ పోయింది.
గాలం ఉంది"

ఉంచుకో, అన్నాను.
అలవాటు కొద్దీ
పేడ బొమ్మ కూడా పంపాను.