ఆది జాకెట్టు

ఎస్తేరు అనుకుందాం.
అసలు పేరు నేను చెప్పను.
కృష్ణలంకలో, కరకట్ట దిగువ, మూడో సందులో నా మిషను.
పెళ్లయిన కొత్తలో తెచ్చిందొక ఆది,
చిలకాకుపచ్చ, మోచేతికి నాలుగంగుళాల పైనే ఆగే చేతులు,
వీపున దారం ముడి, ముడికి రెండు పూసలు.
"అచ్చం ఇలాగే కుట్టు పిన్నీ, అంగుళం అటూ ఇటూ వద్దు."

పై ఏడు మోచేతి దాకా దింపమంది.
ఆ పై ఏడు మెడ ఎత్తమంది.
మూడో ఏడు రోహిణి కార్తెలో, బెజవాడ రోళ్లు పగిలే ఎండలో
మణికట్టు దాకా చేతులు కావాలంది.
టేపు పెట్టబోతే భుజం వెనక్కి లాక్కుంది,
కాగిన ఇస్త్రీపెట్టె తగిలిన పసిపిల్ల వేలులా.

ఆయన బయటే, బండి మీద.
ఎంత మర్యాదస్తుడో! నన్ను అక్కా అంటాడు.
బట్ట తనే ఎంచుతాడు.
ఆసుపత్రి ల్యాబులో ఆమె సంపాదించే జీతం కార్డు
ఆయన పర్సులో ఉంటుంది.
ఐదు నిమిషాలకోసారి హారను.
"నేనంటే ప్రాణం పిన్నీ, కాసేపు కనపడకపోతే తట్టుకోలేడు."
ఆ మాట అంటూ తలుపు వైపు చూసింది.
ప్రాణమైతే తలుపు వైపు చూడ్డమెందుకు?

నోరు జారాను. "వదిలేసి వచ్చెయ్యవే" అన్నాను.
నాలుగు నెలలు రాలేదు.
కొక్కేనికి ఆది వేలాడుతూనే ఉంది.
రాత్రిళ్లు మిషనుకి మూత వేస్తూ దాన్ని చూసి
నా నోటికి నేనే ఒక హుక్కు కుట్టుకున్నాను.

మళ్లీ వచ్చిన రోజు సలహా ఇవ్వలేదు.
పరదా లాగి మెల్లగా అన్నాను,
"ఇందులోకి ఆయన రాడు.
ఏం చెప్పినా, ఏం దాచినా ఇక్కడే ఉంటుంది."
ఆమె చాలాసేపటికి,
నాతో కాదు, అద్దంతో అంది:
"కొట్టిన రోజులు తక్కువే.
కొడతాడేమోనని బతికిన రోజులే ఎక్కువ.
కూరలో ఉప్పు వేయడానికి చెయ్యి వణికితే
దాన్ని కాపురం అంటారా?"

ఏమనాలో నాకు తెలియదు.
కొలతల పుస్తకంలో ఆమె పేజీ తీసి రాశాను:
నడుము 181.
"ఏ ఏనుగుకి పిన్నీ?" నవ్వింది.
నవ్వు సగంలో అర్థమై ఆగింది.
ఆమె ఫోను ఆయన రాత్రిళ్లు చదువుతాడు.
నా ఫోను ఇచ్చి మిషను తొక్కుతూ కూర్చున్నాను,
బయటికి చప్పుడే తప్ప మాట వినపడకుండా.

ఆ తర్వాత జాకెట్టు కవర్లలో ఒక్కొక్కటే వచ్చాయి.
ఆధారు. డిగ్రీ సర్టిఫికెట్టు. పిల్లాడి టీకాల కార్డు.
చీర మడతలో మూడొందలు, మరోసారి యాభై.
అన్నీ లైనింగు గుడ్డల మూట కింద.
నా పుస్తకంలో నా రాత:
"నవంబరు పన్నెండు. కుడి భుజం వాపు. కొలత తియ్యలేదు."
"డిసెంబరు మూడు. మెడ మీద నాలుగు వేళ్లు."
జాకెట్లు కుట్టేదాని గీతలకి విలువేంటనుకున్నా,
ఫోనులో ఆవిడ తేదీలు చెరపొద్దంది.
వెళ్లే రోజు కోపం ఎంచకూడదు,
నువ్వే తీరిగ్గా ఎంచుకో, ఆయనకి వాసన కూడా తగలనీకు, అందట.

ఒక మంగళవారం క్యారేజీ పట్టుకుని
ఎప్పట్లాగే డ్యూటీకి బయల్దేరింది. దారిలో బడి.
ఏ ఊరి బస్సో నేను అడగలేదు.
తెలియనిదాన్ని నా నోట్లోంచి ఎవరూ లాగలేరు కదా.

సాయంత్రం హారను కొట్టకుండా వచ్చాడు.
అక్కా అనలేదు.
"జాకెట్టు ఇంకా అవలేదు బాబూ" అన్నాను.
కత్తెర చేతిలోనే ఉంచుకున్నాను.
చెయ్యి వణికింది, అబద్ధం ఎందుకు.

నిన్న తెలియని నంబరు.
"లావయ్యాను పిన్నీ, పాత ఆది పట్టదు."
వెనక పిల్లాడు ఎవరితోనో
బంతి నాదంటే నాదని అరిచి పోట్లాడుతున్నాడు.
మా కొట్లో వాడి గొంతు నేనెప్పుడూ వినలేదు.

కొత్త పేజీ తీశాను. తేదీ వేశాను.
పేరు రాయలేదు.
ఆ బండి ఇంకా రోజుకి రెండుసార్లు
మా సందులోంచే పోతోంది.