వెయ్యి అడుగుల దగ్గర

నిన్న రాత్రి దిగింది తిరుచెంగోడు లారీ.
పలమనేరు అవతల, మా గంగన్న గుట్ట కింద
రాడ్డు మీద రాడ్డు.
ఎర్రమన్ను అయిపోయింది, నల్లరాయి అయిపోయింది,
ఇప్పుడు గాలికి లేచేదంతా తెల్లపిండి:
టమాటా నారు మీద, నాగరత్నమ్మ కనురెప్పల మీద.

"తొమ్మిది వందల ఎనభై!" డ్రిల్లరు కేక.
ఆ అంకె నాకు తెలుసు.
ఆ లోతులో నేను కాపురం చేశాను.

యుద్ధమప్పుడు, శత్రువు రేవు బయట
జలాంతర్గామిలో ముప్పై ఎనిమిది రోజులు.
పూటకింత బ్యాటరీ, మనిషికింత గాలి.
దగ్గు వస్తే దిండు కొరుక్కోవాలి.
వంటవాడు పోపు మానేశాడు.
ఆవాల చిటపట కూడా నీళ్లలో నడుస్తుందని
మాలో ఎవడో అన్నాడు, నవ్వకుండా.
సోనార్ దగ్గర కూచుని నేను వినేవాణ్ణి
రొయ్యల గుంపు గొణుగుడు, తిమింగలం నిట్టూర్పు,
దూరాన ఏదో ఓడ పంకా.
దానికెన్ని రెక్కలో లెక్క చెప్పేవాణ్ణి.

టార్పెడో ఒక్కటీ వదల్లేదు.
"మన పని ముంచడం కాదు దొరస్వామీ,"
అన్నాడు కెప్టెన్ ఒక రాత్రి,
"మనం ఎక్కడ లేమో వాళ్లకు తెలియకూడదు. అంతే."
అంతే జరిగింది.
పదకొండు యుద్ధనౌకలు రేవులోనే లంగర్లు నములుతూ ఉండిపోయాయి.
మేమున్నది ఒక్క చోట.
వాళ్లు భయపడింది సముద్రమంతటికీ.

ఊరికొచ్చినాక అడిగారు, "యుద్ధంలో ఏం జేసినావబ్బా?"
"దాక్కున్నా."
టీ బంకు దగ్గర ముప్పై ఏళ్లు నవ్వారు.
తర్వాత బావులు పోయాయి, బోర్లు ఎండాయి,
నా చెవికి గిరాకీ వచ్చింది.
అరచేతిలో టెంకాయ పెట్టుకుని తిరిగేవాడి కంటే
నేవీ చెవి నయమని.

కేసింగు పైపుకు చెవి ఆనిస్తాను.
మౌనాలు రెండు రకాలు.
ఒకటి, లోపల ఎవరో ఊపిరి బిగబట్టింది.
ఇంకొకటి, ఎవరూ లేనిది.
ఆ తేడా చెప్పినందుకే సర్కారు నాకు జీతమిచ్చింది.

మేము లేనిచోటా ఉన్నామనుకుని వాళ్లు కదల్లేదు.
నీళ్లు లేనిచోటా ఉన్నాయనుకుని మేం ఆగడంలేదు,
అడుగుకు నూటముప్పై చొప్పున.

"ఏం తాతా, ఇంగో రాడ్డు దించేదా?"
నాగరత్నమ్మ ఏమీ అడగలేదు.
విసురుకుంటున్న బ్యాంకు పుస్తకాన్ని మాత్రం ఆపింది.

వేలెత్తాను, అప్పుడు పడవలో ఎత్తినట్టే.
కంప్రెసరు ఆపారు.
కాకి ఒకటి అరవబోయి మానుకుంది.
రాయి లోపలిది ఏ మౌనమో
నాకు తెలిసి చాలాసేపయింది.

వేలు ఇంకా దించలేదు.