గేటు లెక్క

పొద్దున యార్డులో టిక్కీలు లెక్కపెడతాను,
సాయంత్రం స్టేడియంలో మనుషుల్ని.
అదే యంత్రం, అరచేతిలో ఇమిడే ఇనప ముక్క,
బొటనవేలితో నొక్కితే టక్కుమంటుంది.
టిక్కీకో టక్కు, తలకో టక్కు.

ఇరవై రెండేళ్ళలో ఒక్క టిక్కీ తప్పలేదు నేను.
తప్పితే కొట్టు యజమాని జీతంలో కోస్తాడు.
అందుకే ఆడపిల్లల ఫుట్‌బాల్ లీగు వాళ్ళు
గేటు దగ్గరికి నమ్మకస్తుడు కావాలంటే
ఎవరో నా పేరు చెప్పారు.

మొదటి మ్యాచ్: పదకొండు వందల నలభై.
రిబ్బను కత్తిరించే పెద్దమనిషి, ఆయన వెనక బళ్ళు,
బళ్ళ వెనక బిర్యానీ పొట్లాలు.
పొట్లాలు అయిపోయేసరికి సగం గ్యాలరీ లేచిపోయింది.
తాలు కాయలని అననులే, మనుషులు కదా.

రెండోది: రెండొందల పన్నెండు.
మూడోది: తొంభై ఆరు.
నాలుగోనాడు ముప్పై ఎనిమిది.
అందులో తొమ్మిదిమంది అకాల వానకి తలదాచుకోడానికొచ్చారు,
ఒకడు గొడుగులు అమ్ముకోడానికి.

ఆ రోజే లీగు మేనేజరు నా పక్కకి స్టూలు లాక్కుని
"స్పాన్సర్లకి పంపాలి, రెండు వేలని రాసెయ్ గురూ" అన్నాడు.
రాయలేదు.
తడిసిన సరుకుని ఆరిందని రాసినవాణ్ణి చూశాను యార్డులో,
వాడి కొట్టు షట్టరు మళ్ళీ లేవలేదు.

"జనం తగ్గిపోతున్నారు" అని కాగితం మీద గీత గీసి చూపించాడాయన.
నాకు గీతలు తెలీవు. వేళలు తెలుసు.
"నాలుగింటికి పెడితే ఎవరొస్తారండీ?
చూడాలనున్న వాళ్ళంతా
ఆ టయానికి తొడిమలు తీస్తుంటారు."

లెఫ్ట్ వింగులో ఆడే సువార్త వాళ్ళమ్మ
కూతురి ఆట అప్పటిదాకా చూడలేదు.
తేజ రకం కుప్ప ముందు కూర్చుని
గోలైతే ఫోన్ చెయ్యమంది నన్ను.
నాలుగు మ్యాచ్‌లకి ఒక్కసారే చేశాను.
ఎత్తగానే తుమ్మింది. ఆ తర్వాత ఏడ్చిందో,
మిరప ఘాటో.

ఐదో మ్యాచ్ ఆరున్నరకి మార్చారు.
ఏటుకూరు రోడ్డు మీంచి మూడు ఆటోలు,
ఒక్కోదాంట్లో పదేసి మంది.
తలకి చుట్టిన తువ్వాళ్ళు విప్పకుండానే దిగారు.
ఎనభై ఒకటి ఆ రోజు.
వాళ్ళు కూర్చున్న వరస పొడుగునా ఘాటు,
ముందు వరస కాలేజీ కుర్రాళ్ళు దగ్గుతూ జరిగారు,
జరిగి, మళ్ళీ వెనక్కి తిరిగి
"ఆ పదకొండో నంబరు ఎవరి పిల్ల పిన్నీ?" అనడిగారు.

తర్వాత నూట ముప్పై. పరీక్షలప్పుడు నూట నాలుగు.
ఆపైన పెరిగింది, మరీ అంత కాదు,
ఉగ్గిన్నెతో పోసినట్టు.
యార్డుకెన్ని టిక్కీలొచ్చాయో పేపర్లో రోజూ వేస్తారు.
మా లెక్క ఎవరూ వెయ్యరు.

గోల్‌కీపరు నాగూర్‌బీ మాత్రం అడుగుతుంది.
ఓడినా గెలిచినా, గ్లౌజు పళ్ళతో పట్టి లాక్కుంటూ
"ఎంతమంది బాబాయ్?"
ముప్పై ఎనిమిదన్ననాడు
గ్యాలరీ వంక కాసేపు చూసి
"నాకు ముప్పై ఏడే కనపడ్డారు" అంది.
నిజమే. గొడుగులవాడు హాఫ్‌టైముకే వెళ్ళిపోయాడు.

నాకు తేలనిది ఆ గోడ ఒక్కటే.
చెప్పుల కొట్టు రేకు మీద కాలేసి
దక్షిణం గోడ ఎక్కుతారు పిల్లలు.
గేటు దాటలేదు కాబట్టి టక్కు లేదు.
కానీ ఆఫ్‌సైడని అందరికంటే ముందు అరిచేది వాళ్ళే,
జెండా లేవకముందే.
మేనేజర్ని అడిగితే "గోడ గేటు కాదు" అన్నాడు.
సరే.
పుస్తకం ఆఖరి పేజీలో పెన్సిలుతో వేసుకుంటున్నాను:
పద్నాలుగు, అందులో ఆడపిల్లలు ఇద్దరు.
పంతొమ్మిది, ఆడపిల్లలు ఏడుగురు.
ఇంకోరోజు ఇరవై ఆరు. చీకట్లో విడదీయలేకపోయాను.

నిన్న ఆఖరి మ్యాచ్. ఒకటి, ఒకటి.
లైట్లు ఒక్కోటీ ఆరిపోతున్నాయి.
సువార్త వాళ్ళమ్మ కూతురి బూట్లు చేత్తో పట్టుకుని
లేసులు ఎలా విప్పాలో చూసుకుంటోంది.
నాగూర్‌బీ వచ్చింది, మోకాళ్ళ నిండా మట్టి.
"ఎంతమంది బాబాయ్?"
"మూడొందల ఆరు."
పళ్ళ మధ్య గ్లౌజు ఆపి
"గోడతో కలిపా?"