ఉప్పు, బొగ్గు, బిందెడు నీళ్ళు

పెదవాల్తేరులో పట్నాయక్ మాస్టారి కారు షెడ్డు.
హుద్‌హుద్ రోజు కారు బయట ఉండిపోయింది,
చెట్టు పడింది.
షెడ్డు మిగిలింది.
నూనె మరక ఒకటి గచ్చు మీద
ఇంకా పార్కు చేసే ఉంది.
దాని మీద చాప, చాప మీద బొంత,
బొంత మీద నలుగురు.

"తలుపు కొడతాది బాబూ" అంది వరహాలు,
ఆవు పొడుస్తుందని చెప్పినంత మామూలుగా.
"ఏటీ అవదు. సెప్పులేసుకుని, గుడ్డట్టుకుని లాగితే సాలు.
వానొచ్చిన్నాడు మాత్రం ముట్టుకోం.
లోపలున్నోళ్ళం లోపలే, బయటున్నోళ్ళం బయటే."
షట్టరు పక్కన మేకుకి ఆ గుడ్డ,
ఉతికి, మడత పెట్టి,
దేవుడి పటం దగ్గర ఉండాల్సినంత శుభ్రంగా.

ఏడేళ్ళ యోషిత నాకు నియమాలు అప్పజెప్పింది.
ఫ్రిజ్జు తీస్తే రెండు కాళ్ళూ చాప మీదే.
ఇస్త్రీ పెట్టె వేస్తే ఫ్యాను కట్టెయ్యాలి.
తమ్ముడు పాకితే అమ్మని పిలవాలి, గట్టిగా.
ఎక్కాలు చదివినట్టు,
ఒక్క తప్పు లేకుండా.

టెస్టర్ పెట్టాను.
షట్టరు మీద వెలిగింది.
గోడలోని ఇనప చువ్వ మీద వెలిగింది.
బట్టలారేసిన తీగ మీద, తడి లంగా పక్కన,
చిన్న నారింజరంగు కన్ను.
ముప్పై ఏళ్ళ పని నాది.
వెలుగు చూసి వీపు చల్లబడటం అదే మొదలు.

మాస్టారి వంటింటి ప్లగ్గులోంచి
ఒక తీగ (కాలింగ్ బెల్లుకి వాడే తీగండీ)
ప్రహరీ ఎక్కి, జామకొమ్మ మీద కాస్త ఆగి,
షట్టరు చుట్ట సందులోంచి దూరి,
ఫ్రిజ్జునీ కుట్టుమిషను మోటారునీ
ఒంటిచేత్తో మోస్తోంది.
అతుకుల దగ్గర టేపు బదులు బిస్కట్ల కవరు.
ఫ్యూజులో పోగు కాదు, మేకు.
అతుకు విప్పితే రాగి లేదు,
పచ్చటి పొడి రాలింది అరచేతిలో.
సముద్రం అర కిలోమీటరు.
రోజూ రాత్రి గాలెక్కి వచ్చి
తీగని నాకి పోతుంది.
షట్టరు ఎత్తినప్పుడల్లా ఆ తీగ ఒళ్ళు కాస్త గీసుకుంది.
రోజుకి ఇరవైసార్లు, ఆరేళ్ళు.
లెక్క మీరే కట్టండి.

మాస్టారు వరండాలోంచి అడిగారు,
"షెడ్డుకి ఎర్తింగేమిటయ్యా, అక్కడెవరుంటారని?"
నిజమే. కాగితాల్లో ఎవరూ లేరు,
కాగితాల్లో ఇంకా అంబాసిడరే ఉంది.
మరి ఐదో తారీకుకల్లా అద్దె తెచ్చిచ్చేది
ఆ కారేనా అని అడగలేదు నేను.
నోట్లో స్క్రూలున్నాయి.
"మేమున్నాం తాతా" అంది యోషిత.
ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.
ఖర్చులో సగం ఇస్తానన్నారు,
సాయంత్రానికది ముప్పావు అయింది.
మిగతా పావు ఎవర్నీ అడగలేదు.

డాబాగార్డెన్స్‌లో తీగ, పైపు, ఎంసీబీ,
మనిషిని తాకితే రెప్పపాటులో పడిపోయే ఇంకో స్విచ్చి.
పూర్ణామార్కెట్లో బస్తా బొగ్గు, బస్తా కళ్ళుప్పు.
షెడ్డు వెనక గొయ్యి తవ్వుతుంటే
"సముద్రం పక్కనెట్టుకుని ఉప్పు కొన్నావేటి" అని నవ్వింది వరహాలు.
కొనాలమ్మా.
గాలిలో ఉప్పు తీగని తింటుంది,
గోతిలో ఉప్పు మనిషిని కాస్తుంది.
ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు,
నడుమ ఇనప గొట్టం, పైన బిందెడు నీళ్ళు.
దారి తప్పిన కరెంటుకి
దిగిపోడానికి ఒక మెట్టుండాలి.
అది లేకే ఇన్నాళ్ళూ
పిల్లదాని వేళ్ళు వెతుక్కుంది.
"వారానికోసారి నీళ్ళు పొయ్యండి, మొక్కకి పోసినట్టు.
ఏమీ మొలవదు. మొలవకూడదు."

దీపాల వేళకి మళ్ళీ టెస్టర్.
షట్టరు మీద ఏమీ లేదు.
చువ్వ మీద ఏమీ లేదు.
బతుకంతా దీపం వెలిగితేనే డబ్బులు పుచ్చుకున్నవాణ్ణి,
వెలగని ఆ బుడ్డి దీపాన్ని చూస్తూ
కాసేపు గచ్చు మీద కూర్చుండిపోయాను.

"ఇప్పుడు లాగమ్మా" అన్నాను.
యోషిత చెప్పులు వేసుకుంది. గుడ్డ అందుకుంది.
షట్టరుకి ఆనించిన నా అరచేతిని చూసింది.
అయినా గుడ్డతోనే లాగింది.

వరహాలు ఏమీ అనలేదు.
కూతురి చేతిలోంచి ఆ గుడ్డ తీసుకుని,
నా కాళ్ళు తొక్కిన మట్టంతా తుడిచి,
బాల్చీలో జాడించి, పిండి,
ఆ తడిచేత్తోనే
షట్టరు దించింది.