శేషం ఒకటి

బిల్లు మీద సంఖ్య:
అయిదు లక్షల పది వేల అయిదు వందల పదకొండు.
రొయ్యపిల్లలు. రెప్పవెంట్రుకంత.
మొగల్తూరు చెరువులో పోసేశాక
ఒక్కటీ కనబడలేదు, నీళ్ళే కనబడ్డాయి.

ఆ చివరి ఒకటి ఎవడు లెక్కపెట్టాడు?
చదివింపుల్లో నూటికి పదహారు కలిపినట్టు
సున్నాతో ముగియకూడదని
హేచరీ గుమాస్తా కలిపుంటాడనుకున్నాను.

కాపలా రాత్రి పొడుగు.
ఏరియేటర్లు నాలుగూ నీళ్ళని చిలుకుతుంటే
ఖాళీ మేత సంచి మీద పెన్సిలు ముక్కతో
ఇంటర్ తప్పినవాణ్ణి, భాగహారం మొదలెట్టాను.

రెండుతో పోదు, బేసిది.
అంకెలు కూడితే పదమూడు, మూడుతోనూ పోదు.
అయిదుకి చివర చూస్తే చాలు.
ఏడుతో చెయ్యి నొప్పెట్టేదాకా దింపాను, శేషం ఒకటి.
పదకొండు. ఒకటి.
పదమూడు. మళ్ళీ అదే ఒకటి,
తలుపు తట్టిన ప్రతివాడి దగ్గరికీ
ఒకే పిల్లని గుమ్మంలోకి పంపి
"ఇంట్లో ఎవరూ లేరండీ" అనిపించినట్టు.

పదిహేడు దగ్గర కరెంటు పోయింది.
జనరేటరు దగ్గరికి పరిగెత్తాను.
లెక్క ఆగొచ్చు, ఊపిరి ఆగకూడదు.
తిరిగొచ్చి తేల్చాను: ఒకటే.

ఆ ఒక్కటీ లేకపోతే
ఎంత మెత్తటి సంఖ్య అది!
ఇద్దరికీ ముగ్గురికీ, అయిదుగురికీ ఏడుగురికీ,
పదకొండు, పదమూడు, పదిహేడు మందికీ
పేచీ లేకుండా పంపకమయ్యేది,
మా రాజుగారి అన్నదమ్ముల చెరువుల్లా కాకుండా.
ఒక్క పిల్ల దూరి
ఎవరికీ కాకుండా చేసింది.

ప్రధాన సంఖ్య, అని రాసి
కింద రెండు గీతలు గీశాను.
ఏడు వందల పద్నాలుగు దాకా చూడాలని తెలుసు.
తెల్లారిపోతోంది. చూడలేదు.

మూడు నెలలు ఆ గర్వంతో గట్టు మీద తిరిగాను,
ఎవరికీ లొంగని సంఖ్యకి కాపలావాణ్ణి.

రెండో పంటకి పేరుపాలెం నుంచి వ్యాను వచ్చింది.
పిల్లల సంచులు దింపుతూ నాగశిరోమణి
షెడ్డు గోడకి మేకేసిన నా మేత సంచి చూసింది.
"ఇది నా లెక్కేగా," అంది.
"గరిటెకి తొంభై ఏడు.
సంచికి పంతొమ్మిది గరిటెలు.
ఆవేళ కట్టింది రెండొందల డెబ్బై ఏడు సంచులు.
ఇరవయ్యో గరిటె పొయ్యనివ్వలేదు మేనేజరు."

పదిహేడు తర్వాత పంతొమ్మిదే.
ఒక్క మెట్టు ముందు ఆగిపోయాను.

అక్కడే, ఆమె పెన్నుతో గుణించాను.
మూడూ ప్రధానాలే, మూడూ కలిస్తే
అదే బిల్లు, అదే పదకొండు.
శేషం లేదు.
ప్రధాన కొట్టేసి సంయుక్తం అని రాస్తుంటే
ఉప్పునీళ్ళకి నాని తెల్లబడ్డ ఆమె వేళ్ళు
పెన్ను కోసం ఎదురుచూస్తున్నాయి.

"మరి ఎన్ని దక్కాయి?" అంది.
ఎవరు లెక్కపెట్టారు,
కాటా మీద కేజీల్లో పోయాయన్నాను.

ఆమె ఏమీ అనలేదు.
కొత్త సంచి తెచ్చి, విప్పకుండా
చెరువు నీళ్ళ మీద తేలేసింది,
లోపలి వేడీ బయటి వేడీ ఒకటయ్యేదాకా.